తిరుపతిలో సైకిలు సర్వీసు, మా అమ్మాయి సైకిలు ఎడమ పెడలు

తిరుపతిలో గేరు సైకిలు కొనాలనుకుంటున్నాను, పెద్ద షోరూములో కొంటే సర్వీసు బాగుంటుందా, లేక పాత సైకిలు షాపే మేలా, అనుభవం ఉన్నవారు చెప్పండి అని మీరు అడిగారు. ఎం.ఆర్.పల్లిలో కాపురముంటూ ఇరవై రెండేళ్ళుగా ఉద్యోగానికి సైకిలు మీదే వెళ్ళివస్తున్నవాడిని కనుక నాకు తెలిసింది చెబుతాను. సైకిలు ఎక్కడైనా కొనండి. కానీ దాన్ని మీ కళ్ళముందు విప్పి, మీ కళ్ళముందు బిగించడానికి ఒప్పుకోని షాపుకు మాత్రం రిపేరుకు ఇవ్వకండి. ఇంత గట్టిగా చెప్పడానికి మా అమ్మాయి సైకిలు ఎడమ పెడలు కారణం.

ఆమె పదో తరగతిలోకి వచ్చినప్పుడు, ట్యూషనుకు వెళ్ళిరావడానికి వీలుగా ఉంటుందని ఊళ్ళోని ఒక షోరూములో గేరు సైకిలు కొన్నాము. కొత్త సైకిలు కంపెనీ నుంచి పూర్తిగా బిగించి రాదన్న సంగతి చాలామందికి తెలియదు. ముందు చక్రం, హ్యాండిలు, సీటు, పెడళ్ళు విడిగా అట్టపెట్టెలో వస్తాయి. వాటిని బిగించి, బ్రేకులూ గేర్లూ సరిచేసి మన చేతికి ఇవ్వవలసిన బాధ్యత షాపువారిది. అందుచేత ఎంత మంచి కంపెనీ సైకిలైనా దాని మొదటి సర్వీసు మనం డబ్బు కట్టిన రోజునే జరిగిపోతుంది. ఆ రోజు ఇరవై ఏళ్ళ కుర్రవాడొకడు గబగబా సైకిలు బిగిస్తున్నాడు. ఒక పెడలు తీసి ఎడమ వైపు క్రాంకుకు, అంటే పెడలు బిగించే కడ్డీకి, పెట్టి తిప్పితే అది ఎక్కలేదు. పానాకు ఒక ఇనుప గొట్టం తగిలించి, ఒంటి బరువంతా దాని మీద మోపి నొక్కాడు. కిర్రుమని చప్పుడైంది. తరువాత ఏదో తోచినట్టు దాన్ని ఊడదీసి, రెండో పెడలును అక్కడ బిగించాడు. నేను పక్కనే నిలబడి బిల్లు మీద సంతకం చేస్తున్నాను. చప్పుడు విన్నాను కానీ దాని అర్థం నాకు తెలియలేదు.

నెలా పది రోజులు గడిచాక ఒక ఆదివారం ఉదయం ఆమె ముందు, నేను వెనుక కపిలతీర్థం దాటి అలిపిరి వైపు వెళుతున్నాము. అక్కడ రోడ్డు ఎగువకు ఉంటుంది, పైగా కొండకు వెళ్ళే బస్సులూ జీపులూ తెరిపి లేకుండా నడుస్తూ ఉంటాయి. ఎత్తు ఎక్కడానికి ఆమె సీటు మీద నుంచి లేచి, ఎడమ కాలు బలంగా మోపిన క్షణంలో పెడలు క్రాంకు నుంచి ఊడి రోడ్డు మీద దొర్లిపోయింది. ఆమె ఎడమ పక్కకు పడింది, మోచిప్పా అరచెయ్యీ గీసుకుపోయాయి. వెనుక వస్తున్న బస్సు డ్రైవరు దూరం నుంచే చూసి ఆపాడు కనుక సరిపోయింది. ఆమె కుడి పక్కకు పడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలచుకోలేను.

మరునాడు సైకిలు షోరూముకు తీసుకువెళితే మేనేజరు దాని వంక చూసి, "పెడలు లూజైనా చూసుకోకుండా పాప అట్లాగే తొక్కేసింది సార్, మరలు అరిగిపోయాయి, క్రాంకు సెట్టు మొత్తం మార్చాలి, 1,800 అవుతుంది, ఇది వారంటీలోకి రాదు" అన్నారు. మూడు ఫ్రీ సర్వీసుల కార్డు ఇచ్చారు కదా, మొదటి సర్వీసు పది రోజుల కిందటే చేయించాము కదా, అప్పుడు పెడలు ఎందుకు చూడలేదని అడిగితే సమాధానం రాలేదు. ఆ సర్వీసులో జరిగింది ఏమిటంటే, సైకిలును అద్దాల గది లోపలికి తీసుకుపోయి, కస్టమర్లు లోపలికి రాకూడదని మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, అరగంట తరువాత కడిగి, చెయినుకు నూనె వేసి, గాలి కొట్టి తెచ్చి ఇచ్చారు.

అక్కడ రిపేరు చేయించక, గోవిందరాజస్వామి గుడి దగ్గరి సందుల్లో ఉన్న ఒక పాత షాపుకు తీసుకువెళ్ళాను. షాపు అంటే ఒక రేకుల పంచ, ఒక చెక్క బల్ల, ఒక నీళ్ళ తొట్టి. పెద్దాయన క్రాంకును విప్పి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, పెడలు ఎక్కే రంధ్రంలో చిటికెన వేలు తిప్పి బయటికి తీశారు. వేలి కొసన సన్నని వెండి రజను మెరుస్తోంది. "పాప తప్పేం లేదు స్వామీ. ఎవురో కుడి పక్క పెడలు ఎడం పక్క పెట్టి బలంగా తిప్పినారు. ఇనుము పొయ్యి అల్యూమినియాన్ని కోసేసింది. ఆ మీద సరైన పెడలు పెట్టినా పట్టు యాడుంటాది?" అన్నారు. బిగించిన రోజున ఆయన అక్కడ లేరు, నేను ఆయనకు ఏమీ చెప్పలేదు, అయినా నేను కళ్ళారా చూసినదాన్ని ఆయన ఆ రజనులో చదివేశారు.

సైకిలుకు కుడి పెడలు అన్ని మరల మాదిరే గడియారం ముల్లు తిరిగే వైపు బిగుస్తుంది, ఎడమ పెడలు మాత్రం దానికి ఎదురు దిశలో బిగుస్తుంది. తొక్కేటప్పుడు కాలి బరువు పడి పెడలు ఇరుసు తనంతట తాను మెల్లగా వదులయ్యే దిశలోకి జరగకుండా ఈ ఏర్పాటు. ఇరుసు మీద ఎల్, ఆర్ అని అక్షరాలు కూడా చెక్కి ఉంటాయి. పెద్దాయన కుడి వైపు క్రాంకు పొడవు కొలిచి, దానికి సరిపోయే ఎడమ క్రాంకు ఒక్కటే తెప్పించారు, 350 రూపాయలైంది. మరకు గ్రీజు పూసి, మూడు చుట్లు వేళ్ళతోనే ఎక్కించి, అది ఎక్కడా పట్టకుండా నిటారుగా వెళుతోందని తేలాకే పానా చేతిలోకి తీసుకున్నారు. కూలి 60 తీసుకున్నారు. 410 రూపాయలతో ముగిసే పనికి నన్ను 1,800 అడిగారంటే, పని రాకనో, రాబడి కోసమో మీరే ఊహించుకోవచ్చు.

మా నాన్నగారు ఏడాదికొకసారి సైకిలుకు ఓవరాలింగు చేయించేవారు, ఆ రోజు నన్ను కూడా వెంట తీసుకువెళ్ళేవారు. రెండు చక్రాల ఇరుసులూ విప్పి, లోపలి బాల్సును, అంటే చిన్న ఇనుప గుండ్లను, కిరసనాయిలు గిన్నెలో కడిగి, పాత దినపత్రిక మీద ఆరబోసేవారు. వెనుక చక్రానికి ఒక్కో పక్కకు తొమ్మిది చొప్పున ఉన్నాయో లేదో నాన్నగారు లెక్క చూసేవారు. అది మెకానికు మీద అనుమానంతో చేసిన పని కాదు, మెకానికు కూడా తప్పు పట్టేవాడు కాదు. పని బల్ల దగ్గర ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూనే ఉండేవారు. ఇప్పుడు అద్దాల గదులు కట్టి ఆ బల్లను తీసేశారు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం అది.

పంక్చరు సంగతి కూడా ఇలాగే తయారైంది. చెర్లోపల్లి రోడ్డు అంచున నడిపితే పల్లేరుకాయలూ తుమ్మముళ్ళూ టైరులో దిగడం మామూలే. సూది మొనంత రంధ్రానికి షోరూములో ట్యూబు మార్చాలంటున్నారు. మార్చినా ఊరుకోవచ్చు, టైరు లోపల ఆ ముల్లు అలాగే ఉందేమో వేలితో తడిమి చూడకుండా కొత్త ట్యూబు ఎక్కిస్తున్నారు, ఇంటికి చేరేలోగా అది కూడా దిగిపోతోంది. పెద్దాయన ట్యూబును నీళ్ళలో ముంచి బుడగ వచ్చే చోటు గుర్తుపెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, తడి పోయేదాకా ఆగి, అప్పుడు ప్యాచి అతికిస్తారు. ఆ ఆగడంలోనే పట్టు ఉంది. తొందరపడి తడి మీద అతికిస్తే మన ఎండలకు అది లేచిపోవడం ఖాయం.

కొత్త సైకిలు కొన్నాక మొదటి నెలలో చేయించే సర్వీసును తేలికగా తీసుకోకండి. కొత్త బ్రేకు తీగలూ గేరు తీగలూ ఆ నెలలోనే సాగి వదులవుతాయి, స్పోకులు కూడా సర్దుకుంటాయి. చక్రాన్ని పైకెత్తి తిప్పించండి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు అంతటా ఒకేలా ఉండాలి. గేరును వెనుక ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీదికి వేయించి చూడండి, చెయిను దాన్ని దాటి స్పోకుల్లోకి పడకూడదు. బిల్లూ సర్వీసు కార్డూ భద్రంగా ఉంచండి. పాడుచేసింది వారై, బాధ్యత మీ మీదికి నెడితే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు చెప్పవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం కూడా ఫిర్యాదుకు తగిన కారణమే.

నేను మాత్రం ఫిర్యాదు దాకా వెళ్ళలేదు. పాడైన క్రాంకును కాగితంలో చుట్టుకుని మళ్ళీ షోరూముకు వెళ్ళి, మేనేజరు బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన వింటూనే ఫోను చూసుకుంటున్నారు. నాకు ఆ కుర్రవాడి మీద కోపం లేదు, నేర్పకుండా పానా చేతికిచ్చి కూర్చోబెట్టిన యాజమాన్యం మీదే కోపం. బయటికి వస్తుంటే అతడే నా వెంట గుమ్మం దాకా వచ్చి, "ఎల్, ఆర్ అని యాడుంటాది సార్?" అని మెల్లగా అడిగాడు. అక్కడ నిలబెట్టి ఉన్న కొత్త సైకిలు పెడలు ఇరుసు మీద చూపించాను. ఆ అక్షరం మీద బొటనవేలి గోరు పెట్టి గీరి చూశాడు, వంగి రెండో వైపుది కూడా చూశాడు.