లిల్లీ (నేల సంపెంగ) దుంపలు: ఆకులే తప్ప పూలు రాకపోతే

విజయనగరంలో తమ పెరట్లో, నిరుడు పక్కింటివాళ్లిచ్చిన లిల్లీ దుంపల గుత్తిని అలాగే పాతామని, ఏడాదైనా ఒక్క పూకాడ రాలేదని ఒకరు రాశారు. గుత్తిని విడదీయకుండా పాతడమే కారణం అయ్యుంటుంది. అందులో ఒకసారి పూసేసిన తల్లి దుంపలు, ఇంకా ఎదగని పిల్ల దుంపలు కలిసి ఉంటాయి. పూసిన దుంప మళ్లీ పూయదు. చిన్నవాటికి ఇంకా బలం రాలేదు.

1. ఆకులు పసుపు రంగుకి తిరిగాక నీళ్లు ఆపి, గుత్తిని తవ్వండి.

2. అందరూ వదిలేసేది ఇదే: మట్టి దులిపి దుంపల్ని ఒక్కొక్కటిగా విడదీయండి. రెండు సెంటీమీటర్లు, అంతకు మించి లావున్న గట్టివి ఒక పక్క, చిన్నవి వేరే పక్క. మెత్తబడ్డవి పారేయండి. తర్వాత నీడలో, గాలి తగిలేచోట నాలుగు వారాలు పరిచి ఉంచండి. తవ్విన రోజే పాతేయకండి, ఆ విశ్రాంతి పూతకి చాలా మేలు చేస్తుంది.

3. బాగా మాగిన పశువుల గెత్తం కలిపి, జానెడు దూరంలో, అయిదు సెంటీమీటర్ల లోతున పాతండి. చిన్నవి వేరే మడిలో పెంచండి, వచ్చే ఏటికి అందుకుంటాయి.

4. రోజంతా ఎండ పడాలి. కొబ్బరిచెట్ల నీడ పనికిరాదు. యూరియా వద్దు, ఆకులే పెరుగుతాయి.

తుపాను వానలకి నీరు నిలిచే నేలైతే మడిని ఎత్తుగా కట్టండి.