కువైట్‌లో పిల్లల్ని చూసుకునే పని: చెప్పకుండా జీతంలో 20 దినార్లు కోశారు, ఏం చేయాలి?

చెల్లీ, 120 దినార్లకు ఒప్పుకుని వస్తే ఈ నెల 100 చేతిలో పెట్టారనీ, అడిగితే మామా (ఇంటి యజమానురాలు) "తర్వాత చెప్తా" అందనీ, ఉండేది వాళ్లింట్లోనే కాబట్టి గట్టిగా అడగడానికి భయమనీ రాశావు. నేనూ కువైట్‌లో పిల్లల పని మీదే చాలా ఏళ్లు ఉన్నాను. ముందు ఇది చెప్పు, జీతం పుస్తకంలో సంతకం పెట్టేశావా? పెట్టకపోతే 120 అని రాసిన చోట మాత్రం పెట్టకు.

ఎందుకంటే, ఇంటి పనివాళ్ల కోసం అక్కడ 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. జీతం నెలాఖరుకు ఇచ్చేయాలి, అందులోంచి ఏమీ కోయకూడదు అని దాంట్లో ఉంది. ఆలస్యం చేస్తే నెలకు 10 దినార్లు అదనంగా ఇవ్వాలి కూడా. కానీ జీతం ఇచ్చినట్టు రుజువేంటంటే నీ సంతకం ఉన్న రసీదు, లేదా బ్యాంకు ట్రాన్స్‌ఫర్. 120కి సంతకం పెట్టేశాక 100 ఇచ్చారంటే ఎవరు నమ్ముతారు?

నా గొడవ ఐప్యాడ్‌తో వచ్చింది. చిన్నోడు విసిరేశాడు, స్క్రీన్ పగిలింది, నెల తిరిగేసరికి నా జీతంలో 15 దినార్లు లేవు. పుస్తకంలో మాత్రం జీతం మొత్తం ఇచ్చినట్టే ఉంది. నేను అరవలేదు. నాకు అందినదెంతో అంకెల్లో పక్కనే రాసి, అప్పుడు సంతకం పెట్టి ఫోటో తీసుకున్నా. పిల్లలు పడుకున్నాక బాబాకి, అంటే ఇంటి యజమానికి, వాట్సాప్‌లో "ఈ నెల 15 తక్కువ వచ్చింది, ఎందుకండీ?" అని రాసి పంపా. "ఐప్యాడ్ కోసం" అని జవాబిచ్చాడు. నాకు కావాల్సింది అదే. నోటిమాటగా అడిగుంటే ఆ ముక్క గాలిలో పోయేది. అది మక్తబ్ (మనల్ని పనిలో పెట్టిన ఏజెన్సీ ఆఫీసు) వాళ్లకి పంపితే, వాళ్లు మాట్లాడాక 10 తిరిగొచ్చాయి. మిగతా ఐదు వదిలేశాను. వదలకూడదనేవాళ్లు ఉంటారు, కానీ రోజూ అదే వంటింట్లో ముఖాలు చూసుకోవాల్సింది మనం కదా.

నువ్వు అడగబోయే ముందు ఒకటి గుర్తు చేసుకో, ఊరికి పంపడానికి అడ్వాన్సు ఏమైనా తీసుకున్నావా? తీసుకునుంటే లెక్క వేరు. వీసా ఖర్చు, మక్తబ్‌కి కట్టింది, డాక్టరు, మందులు, తిండి అని చెబితే మాత్రం ఒప్పుకోకు. అవి వాళ్లు పెట్టుకోవాల్సిన ఖర్చులే.

వచ్చే నెలా ఇలాగే కోస్తే మక్తబ్‌కి చెప్పు. వాళ్లూ పట్టించుకోకపోతే కువైట్ ప్రభుత్వ మ్యాన్‌పవర్ అథారిటీలో ఇంటి పనివాళ్ల విభాగం ఉంది, మన ఎంబసీలో లేబర్ విభాగం ఉంది. ఊళ్లో మీవాళ్లు ఏపీఎన్ఆర్టీకి (ఆంధ్ర ప్రవాస తెలుగువాళ్ల కోసం ఉన్న సంస్థ) కూడా ఫోన్ చేయొచ్చు. జీతం గొడవకి చెప్పకుండా ఇల్లు దాటి రావద్దు, పరారీ కేసు పెట్టారంటే అకామా (అక్కడ ఉండే అనుమతి) పోతుంది, నీ ఫిర్యాదు పక్కకి పోతుంది. కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం లాంటివి ఉంటే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా నేరుగా ఎంబసీకి వెళ్లు.

కాంట్రాక్టు కాపీ నీ దగ్గర ఉందా? అరబీలో, ఇంగ్లీషులో ఉంటుంది. ఉంటే ఈ రాత్రే ఫోటో తీసి, పుస్తకం ఫోటోతో పాటు ఇంటికి పంపేయ్. నీ ఫోన్ ఎవరైనా లాక్కున్నా అక్కడ ఉంటాయి.