క్రిబ్ వెనక్కి ఇవ్వకండి, కేస్ షీటు ముట్టుకోకండి

ప్రశ్న: మాది విశాఖలోని మధురవాడ. 2024 నవంబరు 11న ఆన్‌లైన్‌లో రూ.6,490కి ప్రయాణాల్లో వాడే మడత క్రిబ్ (పసిబిడ్డల మంచం) కొన్నాం. డిసెంబరు 28 రాత్రి అరకు గెస్ట్‌హౌస్‌లో మా ఎనిమిది నెలల పాప అందులో నిద్రపోతుండగా పై రాడ్ మధ్యలో ముడుచుకుపోయింది. పాప ఇరుక్కుని కాలర్ బోన్ విరిగింది. పాపను ఒళ్లో పెట్టుకుని ఘాట్ రోడ్డులో విశాఖకు వచ్చిన ఆ రాత్రిని తలచుకుంటే ఇప్పటికీ ఏడుపు ఆగదు. కంపెనీ ఇరవై నెలలుగా 'పరిశీలిస్తున్నాం' అంటూ మెయిళ్లు పంపుతోంది. ఇప్పుడు పాత క్రిబ్ ఇచ్చేసి ఒక కాగితం మీద సంతకం చేస్తే కొత్త మోడల్‌తో పాటు రూ.15,000 ఇస్తామంటోంది. ప్రమాదం జరిగినప్పుడు పక్క గదిలో ఉన్న మా అత్తగారు ఆసుపత్రిలో కంగారులో చెప్పిన మాట పట్టుకుని 'మంచం మీద నుంచి పడింది' అని కేస్ షీటులో రాసుకున్నారు. తెలిసిన డాక్టరు గారు దాన్ని మార్పించి ఇస్తామంటున్నారు. క్రిబ్ అడుగు పలచగా ఉందని మా అమ్మ కుట్టిన బొంత వేశాం. పై రాడ్‌ను పట్టి ఉంచే లాక్‌ను మావారు తరువాత పటకారుతో సరిచేసి అటక మీద పెట్టారు. అనకాపల్లిలో ఉన్న మా ఆడపడుచు తన బిడ్డకు అది కావాలంటోంది. కంపెనీకి శిక్ష పడాలి. కానీ అమ్మకందారు ఇంకో రాష్ట్రంలో ఉన్నాడు, కేసు వేయడమంటే భయంగా ఉంది. మాకు న్యాయం దొరుకుతుందా? ఇప్పుడు నాలుగు నెలల బాబు ఉన్నాడు. ప్రయాణాలకు ఎలాంటి క్రిబ్ కొనాలి?

జవాబు: మీ ఉత్తరంలో ఆ రాత్రి బాధే ఎక్కువగా కనిపిస్తోంది. మీ కేసు తేలేది మాత్రం చివర్లో ఒక్కో వాక్యంలో చెప్పేసిన మూడు సంగతుల మీద: బొంత, పటకారు, 'మంచం మీద నుంచి పడింది' అన్న రాత. పాప ఎముక విరిగిన మాట ఎక్స్‌రే చెబుతుంది, దాన్ని ఎవరూ కాదనరు. ఆ ఎముక క్రిబ్ లాక్ పట్టు తప్పినందువల్లే విరిగిందని మీరు చూపగలరా? వినియోగదారుల కమిషన్ మిమ్మల్ని అడిగే ప్రశ్న ఇదే. దీనికి జవాబు ఉంటే కేసు ఉంది.

ముందు గడువు సంగతి చూద్దాం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం (ఫిర్యాదుకు దారితీసిన సంఘటన) ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. ప్రమాదం జరిగిన రోజు నుంచి లెక్క వేస్తే మీకు 2026 డిసెంబరు 28 వరకు సమయం ఉంది. అయితే ఎదుటి వకీలు అలా లెక్క వేయడు. లోపం ఉన్న వస్తువు అమ్మిన రోజే కారణం పుట్టిందని వాదిస్తాడు. ఆ వాదన నిలుస్తుందా లేదా అని తేల్చుకోవడానికి మీ కేసును పందెం కాయవలసిన అవసరం లేదు. నవంబరు 10 దాటకుండా దాఖలు చేయండి, ఆ వాదనకే చోటుండదు. డిసెంబరు దాకా ఆగినా పెద్దగా కలిసిరాదు. 25 క్రిస్మస్, 26 శనివారం, 27 ఆదివారం.

కంపెనీ మెయిళ్లు పంపుతోంది కదా, గడువు ఆగి ఉంటుందిలే అనుకున్నట్లున్నారు. ఆగదు. ఉత్తరప్రత్యుత్తరాల వల్ల గానీ, లాయరు నోటీసు వల్ల గానీ గడువు ఒక్క రోజు కూడా పెరగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, తగిన కారణం చూపాలి. 'వాళ్లు పరిశీలిస్తామన్నారు, మేం నమ్మాం' అనే కారణంతో వచ్చి ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లను నేను చాలామందిని చూశాను. చదువుకున్న మీ ఇద్దరూ ఇరవై నెలల్లో ఒక్కసారైనా గడువు ఎంత అని ఎవరినీ అడగలేదు. బిడ్డ కోసం ఇంత బాధపడినవారు ఆ ఒక్క పని చేయకపోవడం నాకు కష్టంగా ఉంది.

ఇక ఆ కేస్ షీటు. దాన్ని మార్పించే ఆలోచన ఈ క్షణమే మానుకోండి. ఆ డాక్టరు గారు ఎంత దగ్గరివారైనా సరే, ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పండి. ఆసుపత్రి రికార్డులో తరువాత దిద్దిన అక్షరం దాగదు. సిరా, వరుస, కంప్యూటర్‌లోని నమోదు సమయం, డ్యూటీ నర్సు నోట్స్, వీటిలో ఏదో ఒకటి బయటపెడుతుంది. కమిషన్ ముందు జరిగే విచారణను చట్టం న్యాయ విచారణగానే చూస్తుంది. అందులో వాడటానికి తప్పుడు సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు పడవచ్చు. నిజంగా గాయపడిన బిడ్డ తల్లి అబద్ధపు కాగితంతో దొరికిపోతే, ఆ తరువాత ఆమె చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

ఆ రాత అలాగే ఉండనివ్వండి, దానికి సమాధానం చెప్పే దారి ఉంది. చికిత్స చేసిన ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రికార్డు మొత్తం అడగండి. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి. ఎక్స్‌రే ఫిల్మ్, డిశ్చార్జి సమ్మరీ, తరువాతి పరీక్షల చీటీలు అన్నీ తీసుకోండి. తరువాతి చీటీల్లో ఎక్కడైనా 'క్రిబ్ ముడుచుకుని' అని రాసి ఉంటే ఆ కాగితం మీకు పెద్ద బలం. మీ అత్తగారు తన ప్రమాణపత్రంలో జరిగింది జరిగినట్లు చెప్పాలి: తాను అప్పుడు పక్క గదిలో ఉన్నానని, చూడలేదని, డాక్టరు అడిగితే కంగారులో అలా అన్నానని. ఆవిడ నిజంగా చూసి ఉంటే చూశాననే చెప్పాలి. మీ సౌకర్యం కోసం ఆవిడ మాట మార్చవద్దు.

ఆ రాత్రే మీరు ఎవరికైనా వాట్సాప్‌లో సందేశం పంపారా? ఫొటో తీశారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు, కానీ ఈ రోజుల్లో పంపకుండా ఉండటం అరుదు. మీ అక్కచెల్లెళ్ల ఫోన్లు కూడా చూడండి. 'క్రిబ్ కూలిపోయింది' అని ఆ రాత్రి పది గంటలకు పంపిన ఒక్క వాక్యం, రెండేళ్ల తరువాత రాసే పది పేజీల ప్రమాణపత్రం కంటే బరువైనది. ఆ సందేశం ఉన్న ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. దాని ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. కమిషన్‌లో సాక్ష్య చట్టం నియమాలు సివిలు కోర్టులో ఉన్నంత కఠినంగా ఉండకపోయినా నేను మాత్రం ఆ పత్రం లేకుండా ఫైలు వేయను. గెస్ట్‌హౌస్ బిల్లు, ఆ రాత్రి మేనేజరు గానీ వాచ్‌మన్ గానీ గదిలోకి వచ్చి ఉంటే అతని ప్రమాణపత్రం కూడా సంపాదించండి. మీ కుటుంబానికి చెందని సాక్షి అతనొక్కడే.

ఇప్పుడు అసలు సాక్షి దగ్గరికి వద్దాం. అది మీ అటక మీద ఉంది. దాన్నే కంపెనీ అడుగుతోంది. ఇరవై నెలలు పట్టించుకోనివాళ్లు ఇప్పుడు పదిహేను వేలు ఇచ్చి పాత క్రిబ్ ఎందుకు తీసుకెళతామంటున్నారో ఆలోచించండి. మీరు సంతకం చేయబోయే కాగితంలో 'ఇకపై ఏ క్లెయిమూ లేదు' అన్న వాక్యం ఉంటుంది. క్రిబ్ వాళ్ల చేతికి వెళ్లాక లాక్‌లో లోపం ఉందని చెప్పగలిగేది ప్రపంచంలో ఏదీ మిగలదు. రాజీ వద్దని నేను అనడం లేదు. ఫిర్యాదు దాఖలయ్యాక, ఇద్దరూ ఒప్పుకుంటే కమిషనే మధ్యవర్తిత్వానికి పంపుతుంది. ఏ రాజీ అయినా అక్కడ చేసుకోండి.

పటకారు విషయంలో మీవారిది పెద్ద పొరపాటు, కానీ కేసు అక్కడితో పోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ అమ్మకందారుకు ఇచ్చే రక్షణ, హాని జరిగిన సమయానికి వస్తువును తప్పుగా వాడినా, మార్చినా వర్తిస్తుంది. మీవారు లాక్‌ను వంచింది ప్రమాదం తరువాత. కాబట్టి అది చట్టపరంగా అడ్డు కాదు, సాక్ష్యాన్ని చెడగొట్టిన పని మాత్రమే. ఏ వైపు లాక్, ఎప్పుడు, దేనితో వంచారో మీవారు ప్రమాణపత్రంలో దాచకుండా చెప్పాలి. క్రిబ్‌కు మిగిలిన వైపుల లాక్‌లను ఎవరూ తాకలేదు కదా? లోపం డిజైన్‌లో ఉంటే అవి కూడా అదే మాట చెబుతాయి. 38వ సెక్షన్ కింద వస్తువును తగిన ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. పరీక్ష రుసుము ముందు మీరే కట్టాల్సి రావచ్చు, ఆ ఖర్చుకు సిద్ధపడండి. అప్పటిదాకా క్రిబ్‌ను తెరవకండి, తుడవకండి. ఉన్నది ఉన్నట్లు ఫొటోలు తీసి, పెద్ద సంచిలో పెట్టి కట్టేయండి. లేబుల్, సీరియల్ నంబరు స్పష్టంగా కనపడేలా ఫొటో తీయండి.

అదే క్రిబ్‌ను మీ ఆడపడుచుకు ఇచ్చే ఆలోచన మీ ఇంట్లో ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. మీ బిడ్డ ఎముక విరిచిన రాడ్ మధ్యలో ఇంకో బిడ్డను పడుకోబెడతారా? ఈ ఒక్క విషయంలో చట్టం ఏమంటుందని కూడా అడగకండి.

బొంత గురించి కంపెనీ తప్పకుండా మాట్లాడుతుంది. మేమిచ్చిన అడుగు మీద అదనపు పరుపు వేయడం దుర్వినియోగం అంటుంది. మీరు వేసి ఉండకూడదు, అది నిజం. అదనపు పరుపు వేస్తే దానికీ జాలీ గోడకూ మధ్య సందు ఏర్పడి బిడ్డ ముఖం ఇరుక్కుంటుంది, ఊపిరాడదు. కానీ మీ పాపకు జరిగింది అది కాదు. కాటన్ బొంత వల్ల పై రాడ్ ముడుచుకోదు. నిపుణుడి నివేదికలో ఈ మాట రావాలి. రెండోది, 84వ సెక్షన్ ప్రకారం సరైన వాడకానికి తగిన సూచనలు, తప్పు వాడకంపై హెచ్చరికలు ఇవ్వకపోయినా తయారీదారు బాధ్యుడే. క్రిబ్‌తో వచ్చిన సూచనల కాగితం వెతకండి. ఇలాంటి చాలా క్రిబ్‌లలో ముందు పై రాడ్‌లను పైకి లాగి లాక్ చేసి, ఆ తరువాతే అడుగును కిందికి నొక్కాలి. వరుస తారుమారైతే లాక్ పడినట్లే కనిపించి పడదు. ఆ వరుస, ఆ హెచ్చరిక మీ కాగితంలో లేకపోతే కంపెనీ వాదనే మీకు ఉపయోగపడుతుంది. మీరు ఏ వరుసలో తెరిచారో కూడా గుర్తు తెచ్చుకుని నాకు కాకపోయినా మీ వకీలుకు నిజం చెప్పండి.

దాఖలు చేయడం మీరు భయపడినంత కష్టం కాదు. ప్రమాదం జరిగిన అరకు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది, అమ్మకందారు ఉండేది ఇంకో రాష్ట్రంలో. ఆ రెండు చోట్లకూ వెళ్లనక్కర్లేదు. 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే వేయవచ్చు, అంటే విశాఖ జిల్లా కమిషన్‌లో. మైనరు తరఫున తల్లిదండ్రులు వేయవచ్చు. రుసుము మీరు చెల్లించిన ధరను బట్టి ఉంటుంది, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. అయిదు లక్షల లోపు ధరకు రుసుమే లేదు. ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. క్రిబ్ మీద తన పేరు వేసుకున్న కంపెనీ, అమ్మకందారు, దిగుమతిదారు ఉంటే అతను, ఆన్‌లైన్ వేదిక, అందరినీ ప్రతివాదులుగా చేర్చండి. అమ్మకందారు చిరునామా తెలియకపోతే ఆ వేదికకు రాసి అడగండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం అది ఇవ్వాలి. తయారీదారు ఎవరో తెలియకపోతే, లేదా నోటీసు అందించే వీలు లేకపోతే, 86వ సెక్షన్ కింద అమ్మకందారే జవాబు చెప్పుకోవాలి.

కంపెనీకి 'శిక్ష' పడాలని రాశారు. జిల్లా కమిషన్ ఇచ్చేది పరిహారం. అదే మోడల్ ఇంకా అమ్ముడవుతూ ఉంటే, దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. జిల్లా కలెక్టరుకు ఇచ్చినా ఆ ఫిర్యాదు చెల్లుతుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేయండి. దీనివల్ల మీకు ఒక్క రూపాయి రాదు, అయినా చేయండి. 1998లో అమెరికాలోని షికాగోలో డానీ కీసర్ అనే ఏడాదిన్నర కూడా నిండని బాబు, బిడ్డల్ని చూసుకునే ఒక ఇంట్లో, మీ పాపకు జరిగినట్లే ప్రయాణ క్రిబ్ రాడ్ ముడుచుకుపోయి మెడ ఇరుక్కుని చనిపోయాడు. ఆ క్రిబ్‌ను అయిదేళ్ల ముందే మార్కెట్ నుంచి వెనక్కి పిలిచారు, కానీ ఆ మాట ఆ ఇంటికి చేరలేదు. 2008లో వచ్చిన అక్కడి చట్టంలో ఆ బాబు పేరుతోనే ఒక భాగం ఉంది. పసిబిడ్డల వస్తువులతో పాటు కొనుగోలుదారు నమోదు కార్డు ఇవ్వాలని, ప్రమాదం తెలిస్తే కొన్నవారికి కబురు చేరాలని అది చెబుతుంది.

బాబుకు కొత్త క్రిబ్ కొనేటప్పుడు ఆ పేరు గుర్తుంచుకోండి. తయారీదారు పేరు, పూర్తి చిరునామా లేని క్రిబ్ కొనకండి. దుకాణంలో తెరిచి, నాలుగు వైపులా రాడ్ మధ్యలో చేతితో గట్టిగా నొక్కి చూడండి. దాంతో వచ్చిన గట్టి, పలచటి అడుగే చాలు. బొంత, దిండు, బొమ్మలు ఏవీ వద్దు. బాబును వెల్లకిలా పడుకోబెట్టండి. ప్రతి ప్రయాణంలో, ప్రతి గదిలో, పడుకోబెట్టే ముందు మళ్లీ నొక్కి చూడండి. బిల్లు, లేబుల్, సూచనల కాగితం ఫొటోలు ఆ రోజే మీ మెయిల్‌కు పంపుకోండి.

కంపెనీకి ఈ రోజే రెండు వాక్యాల మెయిల్ పెట్టండి: క్రిబ్‌ను సాక్ష్యంగా భద్రపరుస్తున్నామని, దాన్ని కమిషన్ ఆదేశం మీద తప్ప ఎవరికీ అప్పగించబోమని. తీసుకెళ్లడానికి కుర్రాడు వస్తే ఆ మెయిల్ చూపించి పంపేయండి.