అమ్మ పుట్టినరోజుకి సింగపూర్ వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

అమ్మ 60వ పుట్టినరోజుకి అందరూ కలిసి సింగపూర్ వెళ్తున్నారని మీ నాన్న చెప్పగానే ఎంత సంతోషమేసిందో. నువ్వు పంపిన ప్లాన్ కూడా చూశాను. పుట్టినరోజు నాడు పొద్దున జూ, మధ్యాహ్నం సెంటోసా దీవి, రాత్రి నైట్ సఫారీ అని రాశావు. ఆ మూడూ వేరే రోజులకి మార్చెయ్యి తల్లీ. మిగతా రోజుల్లో ఎంత తిప్పుతావో తిప్పు, ఆ ఒక్క రోజుకి మాత్రం ఏ టికెట్టూ కొనకు.

ఎందుకంటున్నానంటే, మీ పెదనాన్న 65వ పుట్టినరోజుకి మేమూ అక్కడే ఉన్నాం. డబ్బు కట్టేశాం కదా అని పొద్దున తొమ్మిదికి ఒక పార్కులోకి వెళ్లి రాత్రి దాకా తిరిగాం. గదికొచ్చి ఆయన బూట్లు విప్పితే సాక్సు అంచు కాలి మీద తాడుతో కట్టినట్టు అచ్చు పడిపోయింది. కేకు కోసేసరికి పదిన్నర, కుర్చీలోనే కునుకు తీస్తున్న మనిషిని లేపి చేతికి చాకు ఇచ్చాం. ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

ఇంకో సంగతి, ఎవరికీ తట్టదు ఇది. సింగపూర్ టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందు. మీ అమ్మ అలవాటు ప్రకారం ఆరింటికి లేచిందనుకో, ఇక్కడ మూడున్నర, అందరం నిద్రలో ఉంటాం. తొమ్మిది దాటినా ఒక్క ఫోనూ రాకపోతే పైకి అనదు గానీ లోపల చిన్నబుచ్చుకుంటుంది, నా చెల్లెలు నాకు తెలీదా. అందుకని మామయ్యనీ, పిన్నినీ, పిల్లల్నీ ముందురోజే చిన్న చిన్న వీడియోలు పంపమను, అమ్మ కాఫీ తాగేటప్పుడు చూపించు. ఇక్కడ సరిగ్గా పన్నెండింటికి ఫోన్ చేద్దామనుకునే ఉత్సాహవంతులకి మాత్రం అక్కడ అర్ధరాత్రి రెండున్నర అవుతుందని ముందే చెప్పు!

పొద్దున తలంటు, కొత్త చీర, నీ చేత్తో బొట్టు. కుంకుమ, అక్షింతలు చిన్న డబ్బాలో పెట్టుకెళ్లు. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, 1855 నాటిది, అక్కడికి తీసుకెళ్లు. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. ఆ చుట్టుపక్కలే లిటిల్ ఇండియా, అరిటాకులో భోజనం పెట్టే హోటళ్లున్నాయి, అమ్మకి కడుపు నిండుతుంది. తిన్నాక గదికొచ్చి రెండు గంటలు పడుకోనివ్వు.

ఇంటి నుంచి సున్నుండలు పట్టుకెళ్లు గానీ గసగసాలు మాత్రం వద్దు, మసాలా పొడిలో కలిసినవి కూడా వద్దు, అక్కడ అవి నిషేధం. మెట్రో రైల్లో ఏమీ తినకూడదు, తాగకూడదు, జరిమానా వేస్తారు. నాన్నకి గట్టిగా చెప్పు, ఆయన జేబులో ఎప్పుడూ వేరుశనక్కాయలుంటాయి కదా.

కేకు సంగతంటావా, చిన్నది చాలు. హోటల్ గదిలో కొవ్వొత్తులు వెలిగించకు, పొగకి అలారం మోగుతుంది. అయినా దీపం ఊదడం అమ్మకి ఎప్పుడూ ఇష్టం లేదు, నీ చిన్నప్పుడు కూడా కొవ్వొత్తి ఊదొద్దని అనేది, గుర్తుందా? ఊరికే కోసి, మీరందరూ ఆవిడ కాళ్లకి దండం పెట్టి అక్షింతలు వేయించుకోండి.

సాయంత్రం గార్డెన్స్ బై ది బే అనే పెద్ద తోటకి వెళ్లండి. అక్కడ చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన ఇనుప చెట్లకి దీపాలు వెలిగి పాటకి తగ్గట్టు ఆడతాయి, 7:45కి ఒకసారి, 8:45కి ఒకసారి, డబ్బులేమీ అక్కర్లేదు. కాస్త ముందుగా వెళ్లి, మెడ నొప్పి పుట్టకుండా వెనక్కి వాలే చోటు చూసి అమ్మని కూర్చోబెట్టు. గొడుగు మర్చిపోకు, అక్కడ వాన చెప్పి రాదు.

అక్కడ 7:45 అంటే మాకు 5:15. టీ తాగేసి ఫోన్ పట్టుకుని కూర్చుంటాను, వీడియో కాల్ చెయ్యి. చెట్లని కాదు, వాటిని చూస్తున్న మీ అమ్మ మొహం చూపించు.

మీ పెద్దమ్మ