పెళ్లి డీవీడీని ఎంపీ4గా మార్చితే ముఖాలు సాగిపోతున్నాయి, ఏ సైజు పెట్టాలి?

మీ అక్కగారి 2004 నాటి పెళ్లి డీవీడీని మార్చేటప్పుడు 1920×1080 పెట్టాననీ, అందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారనీ రాశారు. ఆ సైజు వదిలేయండి. మీ డిస్కు 4:3 బొమ్మదైతే, అంటే వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు పాళ్లు ఉండే పాత టీవీ బొమ్మదైతే, సరిపోయేది 768×576.

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా చిన్న మామయ్య పెళ్లి డిస్కును బెంగళూరులోనే ఒక దుకాణానికి ఇచ్చి మార్పించాను. మల్లేశ్వరంలో మా ఇంటికి వచ్చిన అమ్మ దాన్ని టీవీలో చూసి, "ఇది మా అమ్మ ముఖం కాదు" అంది. అమ్మమ్మ నడుస్తూ, మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్క వీడియోలోనే. 4:3 బొమ్మను 16:9 తెర నిండా లాగితే ప్రతి ముఖమూ మూడో వంతు వెడల్పు పెరుగుతుంది. ఆ ఆదివారమే ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్డుకు వెళ్లి యూఎస్‌బీ డీవీడీ డ్రైవు కొని తెచ్చి, పని మొదటి నుంచి నేనే చేశాను.

మన పెళ్లి డీవీడీలు సాధారణంగా పాల్ (PAL) పద్ధతివి, అంటే మన పాత టీవీల ప్రమాణానికి చేసినవి. వాటిలో బొమ్మ 720×576 చుక్కలుగా (పిక్సెళ్లుగా) ఉంటుంది. లెక్క వేస్తే అది 5:4, కానీ తెర మీద కనిపించాల్సింది 4:3. ఎందుకంటే అందులోని ఒక్కో చుక్క చతురస్రం కాదు, ఎత్తు కంటే వెడల్పు కాస్త ఎక్కువ. డీవీడీ ప్లేయరు ఆ తేడాను తానే సరిచేసి చూపేది. ఇప్పుడు మీరు చతురస్రపు చుక్కలతో ఫైలు చేస్తున్నారు, కాబట్టి 576 ఎత్తుకు 768 వెడల్పు ఇవ్వాలి. డిస్కు మొదటే 16:9గా తయారైనదైతే 1024×576. చుక్కలను అలాగే ఉంచి, నిష్పత్తిని మాత్రం ఫైలులో రాసి పెట్టే అనమార్ఫిక్ పద్ధతి కూడా, నేను మార్చడానికి వాడే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఉంది. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు ఆ రాతను పట్టించుకోవు, అందుకే నేను దాన్ని వాడను.

సైజు కంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, డీఇంటర్‌లేస్, అంటే ఒకే ఫ్రేములో కలిసి ఉన్న రెండు క్షణాల గీతలను విడదీయడం. నేను మొదటిసారి దీన్ని మరిచిపోయాను. పాత క్యామ్‌కార్డర్లు ఒక్కో ఫ్రేములో సరి గీతలను ఒక క్షణంలో, బేసి గీతలను సెకనులో యాభయ్యో వంతు తర్వాత పట్టేవి. వాటిని విడదీయకుండా ఎత్తు మార్చితే రెండు క్షణాల గీతలు కలగలిసిపోతాయి. తలంబ్రాలు పోసుకునే చోట జారే ప్రతి గింజకూ దువ్వెన పళ్లలాంటి అంచు వచ్చింది. ఒకసారి కలిసిపోయాక విడదీయడం దాదాపు అసాధ్యం. హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్ దగ్గర యాడిఫ్ (Yadif) తీసుకుని, బాబ్ (Bob) ఎంచుకోండి. సెకనుకు 50 ఫ్రేములు వస్తాయి, కదలిక పాత టీవీలో చూసినంత నునుపుగా ఉంటుంది.

మీ డిస్కు వీహెచ్‌ఎస్ క్యాసెట్ నుంచి చేసినదైతే అడుగున కొన్ని గీతలు వణుకుతూ ఉంటాయి. వాటిని కత్తిరించండి, కానీ కత్తిరించాక మళ్లీ 576 ఎత్తు ఇవ్వకండి, బొమ్మ నిలువునా సాగుతుంది. 12 గీతలు తీసేస్తే మీ సైజు 768×564. రెండు అంకెలూ సరి సంఖ్యలు కావాలి, ఎందుకంటే రంగు సమాచారం రెండేసి చుక్కలకు ఒకటిగా నిల్వ అవుతుంది.

కొత్త వీడియోలతో కలపడానికి 1080 తప్పనిసరైతే బొమ్మను 1440×1080 చేసి, రెండు పక్కలా 240 చుక్కల చొప్పున నలుపు వదలండి. పెద్దది చేసినంత మాత్రాన కొత్త వివరాలు రావు, ఫైలు మాత్రం బరువెక్కుతుంది.

సైజు కుదిరిందో లేదో కంటితో అంచనా వేయకండి. కెమెరాకు ఎదురుగా ఉన్న గుండ్రటి వస్తువు ఒకటి వెతకండి. తలంబ్రాల పళ్లెం పనికిరాదు, పక్క నుంచి చూస్తే అది ఎలాగూ కోలగానే కనిపిస్తుంది. మాకు కళ్యాణ మండపం గోడ మీది గడియారం దొరికింది. ఫ్రేమును ఆపి, స్కేలుతో అడ్డంగానూ నిలువుగానూ కొలిచాను. రెండూ సమానంగా వచ్చాకే మొత్తం వీడియోను మార్చడానికి పెట్టాను. మీరు కూడా ముందు ఒక్క నిమిషం ముక్కతో ప్రయత్నించండి, డిస్కు యథాతథ నకలును హార్డ్ డిస్కులో దాచుకోండి.