‘దవ్వార్’ అన్న చోట డబ్బు చూసుకో

తమ్ముడూ, నీకు రావాల్సిన డబ్బు గురించి వచ్చిన ఉత్తరంలో ఉన్న ‘దవ్వార్’ అనే ఫ్రెంచి క్రియకి డిక్షనరీలో మస్ట్, హావ్ టు, ఓ (owe, బాకీ ఉండటం), షుడ్ అని ఇన్ని ఇంగ్లీషు అర్థాలు ఉన్నాయి, ఏది పట్టుకోవాలి అని అడిగావు. వ్యాకరణం ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. డబ్బు దగ్గర ఈ మాట ఏం చేస్తుందో మాత్రం శ్రద్ధగా చదువు.

నేను ఫ్రాన్సులో తులూజ్ ఊళ్ళో దిగిన కొత్తలో ఒక ఆఫీసు నుంచి నాకు కొంత సొమ్ము వెనక్కి రావాలి. పదిహేను రోజుల్లో ‘వు దవ్రియే రసవ్వార్’, అంటే ‘మీకు అందాలి’ అని ఉత్తరం వచ్చింది. ‘దవ్రియే’ ఈ దవ్వార్ రూపమే. డిక్షనరీలో షుడ్ అని ఉంది. ఆఫీసువాళ్ళు కాగితం మీద రాసిచ్చారంటే చేతికొచ్చినట్టే అనుకుని, ఖాతాలో ఉన్నదంతా ఇంటికి పంపేశాను. నాన్నకి అప్పు వాయిదా ఉంది మరి. నెల మొదట్లో ఖాతాలోంచి నేరుగా పోయే అద్దె కోతకి వస్తే ఖాతా ఖాళీ. బ్యాంకు రుసుము వేసింది. ఇంటి ఏజెన్సీ నుంచి ఇంకో ఉత్తరం: ‘వు ను దవే’, పక్కన ఒక అంకె. మస్ట్ అని చదువుకుని, తర్వాత రావాల్సిన క్రియ కోసం వెతికాను. లేదు. దవ్వార్ వెనక ఇంకో క్రియ ఉంటే ‘చెయ్యాలి’. నేరుగా అంకె ఉంటే అది బాకీ, ‘మీరు మాకు ఇంత ఇవ్వాలి’ అని. చేబదులు అడగడానికి ఊళ్ళో తెలిసిన మొహం ఒక్కటి లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ఇంగ్లీషు పక్కనపెట్టు, తెలుగులో ఆలోచించు. ‘ఆఫీసుకి వెళ్ళాలి’, ‘వాడికి వంద ఇవ్వాలి’, ‘ఈపాటికి ఇల్లు చేరి ఉండాలి’. విధి, బాకీ, ఊహ మూడూ మన ‘ఆలి’లోనే ఉన్నాయి, వాళ్ళ దవ్వార్‌లోనూ ఉన్నాయి. ఇంగ్లీషువాడే వాటిని ముక్కలు చేశాడు. ఇక ‘దవ్రియే’ అంటే ‘రావాలి మరి, చూద్దాం’ అన్నంతే. హామీ కాదు. ‘ఇల్ ఆ ద్యు పేయే’ అంటే కట్టాల్సి వచ్చిందనీ కావచ్చు, కట్టే ఉంటాడనీ కావచ్చు; ముందు వెనక చూసి తేల్చుకోవాలి. బిల్లులో ‘సోమ్ ద్యు’ కనిపిస్తే మాత్రం ఆలోచించకు, అది నువ్వు కట్టాల్సిన మొత్తం.

ఖాతాలో డబ్బు లేక కోత తిరిగిపోతే బ్యాంకు రుసుము ఒక్కోదానికి 20 యూరోలు దాటి వెయ్యకూడదు. మిగతా నిబంధనలు ప్రభుత్వ సైటులో ఉన్నాయి, చూసుకో. ఇప్పుడు నేను పన్ను ఉత్తరమైనా ఎవరి సాయమూ లేకుండా చదువుకుంటాను. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడున్న మనవాళ్ళు కొందరు ఇంకా ఫోన్ అనువాదం మీదే బతుకుతున్నారు. నువ్వలా కావద్దు.

నీ ఉత్తరంలో ఉన్నది కూడా ‘దవ్రియే’నే. ఏ తేదీకి వేస్తారని, ‘ఆ కెల్ దాత్?’ అని రాసి అడుగు. ఖాతాలో పడేదాకా వచ్చే నెల అద్దె కదపకు. ఈసారి డబ్బు ఆలస్యమవుతుందని ఇంటికి ముందే ఫోన్ చేసి చెప్పు, అమ్మానాన్నలు అర్థం చేసుకుంటారు.