పాఠకుల ప్రశ్నలు: "మీ అమ్మాయి ఏ బడిలో చదువుతోందండీ?"

ఈసారి వచ్చిన ఉత్తరాలలో మూడింటి వెనుక ఉన్న సందేహం ఒక్కటే కావడంతో వాటిని ఒకచోట చేర్చాను. మూడూ ఒడిశా సరిహద్దు జిల్లాలలోని తెలుగువారు రాసినవే. ఇద్దరు తమ పేరు ప్రచురించవద్దన్నారు కాబట్టి మూడో వారి పేరు కూడా వదిలేశాను.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఊళ్లో ఒక తెలుగు సంఘానికి ఆరేళ్లుగా కార్యదర్శిగా ఉంటున్నాను. మా వీధిలోని ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెప్పే మాస్టారు పదవీ విరమణ చేశాక ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. తెలుగు మాధ్యమాన్ని నిలబెట్టాలని సంతకాలు సేకరించి అర్జీలు పెట్టాం. ఇంటింటికీ తిరిగి, పిల్లలను తెలుగు బడిలోనే చేర్చమని తల్లిదండ్రులను బతిమాలాను. కానీ మా అమ్మాయి ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతోంది, రెండో భాష ఒడియా. తెలుగు రాత్రిపూట నేనే చెబుతున్నాను. మొన్న సంక్రాంతి సభలో ఒక కుర్రవాడు లేచి, "మీ అమ్మాయి ఏ బడిలో చదువుతోందండీ?" అని అడిగాడు. సభంతా నవ్వింది. నేను మాట రాక కూర్చుండిపోయాను. నేను కపటినేనా? పదవికి రాజీనామా చేయాలా?

జవాబు: చెప్పినదానికీ చేసినదానికీ పొంతన కుదరని మనిషి కనబడగానే "చెప్పేవి శ్రీరంగ నీతులు" అనేయడం మనకు అలవాటు. ఆ సామెత రెండో సగం ఒక కులాన్ని కించపరుస్తుంది కాబట్టి దాన్ని పక్కన పెడుతున్నాను. మొదటి సగంలోనే చిక్కు ఉంది. నమ్మినది చేయడానికి బలం చాలని మనిషినీ, ఇంట్లోవాళ్లకోసం రాజీపడిన మనిషినీ, నిన్నటి అభిప్రాయం మార్చుకున్న మనిషినీ, అసలు ఏదీ నమ్మకుండా నమ్మినట్టు నటించే మనిషినీ ఆ సామెత ఒకే గాటన కట్టేస్తుంది. వీరిలో చివరివాడు ఒక్కడే కపటి. తెలుగు బైబిలులో ఈ మనిషికి "వేషధారి" అని పేరు. మూలంలోని గ్రీకు మాటకు రంగస్థల నటుడని అర్థం కాబట్టి, ఆ తెలుగు మాట చక్కగా అతికింది. మీ గజపతి జిల్లాలో చర్చికి వెళ్లే ఇళ్లు చాలా ఉన్నాయి, ఆ మాట మీరు వినే ఉంటారు.

భగవద్గీత మూడో అధ్యాయం ఈ తేడాను ఇంకా సూక్ష్మంగా చూపిస్తుంది. తనకు ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతంగా నెట్టినట్టు మనిషి పాపం ఎందుకు చేస్తాడని ముప్పై ఆరో శ్లోకంలో అర్జునుడు అడిగితే, అందుకు కారణం కామమూ క్రోధమూ అని కృష్ణుడు చెబుతాడే తప్ప ఆ మనిషిని దొంగ అనడు. అదే అధ్యాయం ఆరో శ్లోకంలో మాత్రం, చేతులూ కాళ్లూ కట్టేసుకుని కూర్చుని మనసులో విషయాలనే తలచుకునేవాణ్ని మిథ్యాచారుడు అంటాడు. ఇక్కడ ఒక వింత గమనించండి. ఈ రెండోవాడి నడవడికలో పైకి ఏ వైరుధ్యమూ లేదు, చెప్పినట్టే కూర్చున్నాడు, అయినా మిథ్యాచారుడన్న పేరు అతనికే వచ్చింది. మాటకూ చేతకూ మధ్య ఖాళీ ఉన్నంత మాత్రాన కపటం అయిపోదనీ, ఖాళీ ఏమీ లేనిచోట కూడా కపటం ఉండవచ్చుననీ దీన్నిబట్టి నేను అర్థం చేసుకున్నాను.

ఇక్కడ గాంధీజీ సంగతి ఒకటి చెప్పాలి. ఆవులనూ గేదెలనూ హింసించి పాలు పిండే పద్ధతుల గురించి తెలిసి పాలు ముట్టనని వ్రతం పట్టిన ఆయన, 1918లో పట్టుకున్న జబ్బునుంచి తేరుకోలేక నీరసించినప్పుడు, కస్తూర్బా సూచన మీద మేకపాలు తీసుకున్నారు. వ్రతం పట్టిననాడు మనసులో ఉన్నవి ఆవు పాలూ గేదె పాలే కాబట్టి మాట తప్పలేదని ఆయన వాదించవచ్చు. అలా వాదించకుండా, వ్రతంలో అక్షరం మిగిలింది గానీ దాని ప్రాణం పోయిందని తన ఆత్మకథలో తానే రాసుకున్నారు. మేకపాలు తాగినందుకు ఆయనను బలహీనుడని అనవచ్చును, కపటి అనడానికి వీలులేదు. దాచలేదు, తనకో ప్రత్యేకమైన మినహాయింపు రాసుకోలేదు, తన బలహీనతకు సిద్ధాంతమని పేరు పెట్టలేదు.

ఇక మీ సంగతి. మీరు చేసిన పనులు రెండు, వాటిని విడదీసి చూడాలి.

మొదటిది అర్జీ. భాషాపరంగా అల్పసంఖ్యాకులైనవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని, 1956లో ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతోంది. మీరు అడిగింది ఆ సౌకర్యమే. అడిగేవాడి సొంత పిల్ల ఆ బడిలో కూర్చుంటేనే ఆ హక్కు చెల్లుతుందని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. మీ ఊళ్లోనే బోధించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజన పిల్లలకు సవర భాషలో చదువు చెప్పాలని తన సొమ్ము పెట్టి బడి నడిపారు. ఆయన తన పిల్లలను ఆ బడిలో వేశారా అని అడిగితే ప్రశ్నకే అర్థం ఉండదు, ఎందుకంటే ఆ బడి సవర పిల్లల అవసరం కోసం పెట్టినది. వేరే దారి కొనుక్కోలేని తెలుగు పిల్లలు మీ వీధిలో పదిమంది ఉన్నా మీ అర్జీ న్యాయమైనదే, మీ అమ్మాయి ఎక్కడ చదివినా సరే.

రెండోది ఇంటింటి ప్రచారం. ఆ కుర్రవాడి ప్రశ్న దీనికి మాత్రం గట్టిగా తగులుతుంది. అర్జీలో మీరు ప్రభుత్వాన్ని అడిగారు, గడపల దగ్గర మాత్రం ఒక తల్లిని ఆమె బిడ్డ భవిష్యత్తును పణం పెట్టమని అడిగారు. రేపు ఈ రాష్ట్రంలో ఉద్యోగానికి ఒడియా రావాలి, పై చదువుకు ఇంగ్లీషు కావాలి అన్న లెక్క మీ ఇంట్లో మీరు వేసుకున్నారు. వేసుకోవడం తప్పు కాదు, తండ్రి అన్నవాడు వేసుకోవాలి కూడా. అయితే ఆ లెక్కను మీ ఇంట్లోనే ఉంచేసుకుని, ఎదుటి గడపకు భాషాభిమానం మాత్రమే పట్టుకెళ్లారు. తన బిడ్డను మినహాయించిన సంగతి దాచి, పక్కవాడి బిడ్డను త్యాగం చేయమనడంలో వేషం ఉంది. ఇంత కటువుగా రాస్తున్నందుకు మన్నించండి, మీరు అడిగిన తీరు చూస్తే మెత్తని మాట కోసం రాసినట్టు అనిపించలేదు.

ఇంకో మాట. మనిషి ఎలాంటివాడైనా మాట మంచిదైతే చాలు, వైరుధ్యాన్ని ఎత్తిచూపడం వితండవాదమే అని కొందరు అంటారు. సగం నిజమే. వైద్యుడు చుట్ట కాల్చినంత మాత్రాన పొగాకు ఒంటికి మంచిది కాబోదు. కానీ మిగిలిన సగం గిడుగువారి దగ్గరే నేర్చుకోవచ్చు. గ్రాంథికమే రాయాలని శాసించిన పండితుల పుస్తకాలలోనుంచే ఆయన వ్యాకరణ దోషాలు ఏరి గుట్టగా పోశారు. ఆ పండితులు చెడ్డవారని నిరూపించడం ఆయన ఉద్దేశం కాదు. జీవితమంతా దానికే అంకితం చేసిన పండితులే తప్పు లేకుండా రాయలేకపోతున్నప్పుడు, బడిపిల్లవాడిని అలా రాయమనడం ఆచరణలో కుదరదని చూపించడం ఆయన ఉద్దేశం. అంటే, చెప్పినవాడే పాటించలేకపోవడం ఒక్కొక్కసారి ఆ సూత్రం మీదనే సాక్ష్యం అవుతుంది. (ఆయనను కీర్తిస్తూ ఇంత బరువైన వాక్యాలు రాస్తున్నందుకు నన్నూ ఎవరైనా సభలో లేచి నిలదీయవచ్చు. ఒప్పుకుంటాను.)

కాబట్టి కుర్రవాడి ప్రశ్నను నింద అని కాక సాక్ష్యం అని తీసుకుని చూడండి. తెలుగంటే ప్రాణం పెట్టే మీరే మీ అమ్మాయిని తెలుగు మాధ్యమంలో వేయలేకపోయారంటే, ఆ ఊళ్లో ఈనాడు తెలుగు మాధ్యమం అన్న కోరికలో ఏదో సరిపడలేదేమో. ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాలలో చదివే పిల్లలకు తెలుగు ఒక పాఠంగా ఉండాలనీ, దానికి ఒక మాస్టారిని వేయాలనీ అడిగితే, మీరు రాత్రిపూట ఇంట్లో చేస్తున్న పని బడిలో జరుగుతుంది. అప్పుడు మీ కోరికా మీ ఇల్లూ ఒకే మాట చెబుతాయి. ఇది మీ సంఘం తేల్చుకోవలసిన విషయం, నేను దూరం నుంచి చెబుతున్నాను.

రాజీనామా అక్కరలేదని నా అభిప్రాయం. బరంపురంలో పుట్టిన వి.వి.గిరి కేంద్ర కార్మిక మంత్రిగా ఉండగా, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చడం నచ్చక 1954లో పదవి వదిలేశారు. తాను ఒప్పుకోని నిర్ణయాన్ని మంత్రిగా సమర్థించవలసి రావడం ఆయనకు వచ్చిన ఇబ్బంది. మీ పదవి మిమ్మల్ని అలాంటి పని చేయమనడం లేదు. మీరు తప్పుకుంటే అర్జీ ఆగిపోతుంది, ఆ పదిమంది పిల్లలకూ మాస్టారు రాడు, సభలో నవ్వినవాళ్లకు మాత్రం ఊరట. దానికి బదులు తరువాతి సభలో మీరే ముందుగా లేచి, అమ్మాయిని ఏ బడిలో వేశారో, ఎందుకు వేశారో, ఏ లెక్క వేసుకున్నారో చెప్పండి. మీరు బతిమాలిన ఇళ్లకు మళ్లీ వెళ్లి అదే లెక్క వాళ్ల ముందూ పెట్టండి. కొందరు తలుపు వేసుకుంటారు. వేసుకోనివ్వండి.

ప్రశ్న: మాది రాయగడ. మా నాన్నగారు ఉపాధ్యాయులుగా పనిచేసి విరమించారు. వరకట్నానికి వ్యతిరేకంగా ఎన్నో వేదికలమీద మాట్లాడారు, నేనూ ఆ మాటలు వింటూ పెరిగాను. గత సంవత్సరం మా అన్నయ్య పెళ్లికి పాలకొండ వైపునుంచి సంబంధం కుదిరినప్పుడు ఆడపెళ్లివారు డబ్బు, మోటారు సైకిలు, బంగారం పెట్టారు. అడిగితే నాన్నగారు, "మేం నోరు తెరిచి అడగలేదమ్మా, వాళ్లే ముచ్చటపడి పెట్టారు. అయినా సిద్ధాంతం వేరు, సంసారం వేరు" అన్నారు. ఆయన చెప్పిన మాటలన్నీ అబద్ధమేనా?

జవాబు: మాటలు అబద్ధం కావు తల్లీ, మీరు వాటిని వదులుకోవలసిన పని లేదు. పర్లాకిమిడి మిత్రుడికి నేను చెప్పినంత సుదీర్ఘంగా మీకు చెప్పవలసిన అవసరమూ కనబడటం లేదు, ఎందుకంటే ఇక్కడ విషయం తేటగా ఉంది. ఆ మిత్రుడు తన బిడ్డ మేలు కోసం తగ్గితే, మీ నాన్నగారు ఎదుటివారి సొమ్ము ఇంటికి వస్తుంటే తగ్గారు. సూత్రాన్ని తప్పడంలో తప్పినవాడికే లాభం ఉన్నప్పుడు, దానికి అతడు చెప్పే కారణాన్ని రెండింతలు అనుమానించడం న్యాయం.

"అడగలేదు" అన్న మాటను కూడా చట్టం అంత తేలికగా వదలలేదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడం ఎంత నేరమో ఇవ్వడమూ అంతే నేరం. అడగకుండా వచ్చిన కానుకలకు మినహాయింపు ఉన్న మాట నిజమే గానీ, వాటికి జాబితా రాయాలనీ, ఏ వస్తువు ఎవరు ఇచ్చారు, విలువ సుమారు ఎంత, ఇచ్చినవారికి చుట్టరికం ఏమిటి అన్నవి అందులో ఉండాలనీ, వధూవరులు సంతకం చేయాలనీ 1985 నిబంధనలు చెబుతున్నాయి. వేదికమీద చట్టం గురించి మాట్లాడిన మనిషికి ఈ సంగతి తెలియకుండా ఉండదు. ఆ జాబితా ఎక్కడుందని నాన్నగారిని అడగండి. గొడవ పెట్టుకోవడానికి కాదు, మీ వదినగారి కోసం. వస్తువులు ఎవరివో కాగితంమీద ఉంటే రేపు ఆమెకు ఆసరా.

"సిద్ధాంతం వేరు, సంసారం వేరు" అన్న మాట దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగాను. తప్పు చేశానమ్మా అని ఉంటే ఆయన మీద మీకు జాలి కలిగేది. ఆ మాట అనకుండా, తప్పు ఇకపై తప్పుగా కనబడకుండా ఉండే ఏర్పాటు చేసుకున్నారు. మీ పెళ్లి ఇంకా కాలేదని ఉత్తరాన్నిబట్టి తోచింది. అప్పుడు ఆయన ఇవ్వవలసిన పక్షాన ఉంటారు, ఆ రోజున ఈ వాక్యాన్ని ఆయనకే గుర్తు చేయగలరేమో ఆలోచించుకోండి.

ప్రశ్న: బరంపురం నుంచి రాస్తున్నాను, వయసు డెబ్భై. పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు, చీమను కూడా తొక్కకుండా నడుస్తాను. పూజకూ పెళ్లికీ మా ఊరి పట్టుచీరే కడతాను. కాలేజీలో చదివే మనవడు, "అమ్మమ్మా, పట్టుపురుగులను ఉడకబెట్టి తీసిన చీర కట్టుకుని అహింస చెబుతున్నావు, ఇది కపటం కాదా?" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జవాబు: తెలియక చేసినదాన్ని ఏ శాస్త్రమూ కపటం అనదమ్మా. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇకముందు ఏం చేస్తారన్నదే మిగిలింది. మీ మనవడు చెప్పింది నిజమే. పురుగు రెక్కలు వచ్చి గూడును ఛేదించుకుని బయటికి వస్తే దారం తెగిపోతుంది కనుక, లోపల పురుగు ఉండగానే గూళ్లను ఆవిరిలోనో వేడినీళ్లలోనో వేస్తారు. ఒక్క చీరకు అలాంటి గూళ్లు వేలల్లో పడతాయి. రెక్కల పురుగు బయటికి వచ్చేశాక మిగిలిన గూటినుంచి దారం వడికే పద్ధతి కూడా ఉంది. చేనేత రంగంలో పనిచేసిన మన తెలుగువారు కుసుమ రాజయ్య దాన్ని "అహింసా పట్టు" పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. దారం కాస్త ముతకగా ఉంటుంది, నిగనిగ తక్కువ, వెల ఎక్కువ. కొత్తది కొనేటప్పుడు కావాలంటే అది చూడండి. బీరువాలో ఉన్న చీరలను పారేయడం వల్ల ఒక్క పురుగు కూడా తిరిగి బతకదు కాబట్టి వాటిని నిశ్చింతగా కట్టుకోండి.

ఒక్కటి మాత్రం చేయకండి. మీ మనవడి చెప్పులు తోలువా, రెక్సిన్‌వా అని ఎదురు అడగాలని మీకు ఈపాటికే తోచి ఉంటుంది. అతని చెప్పులు ఏ తోలువైనా గూటిలో పురుగు సంగతి అలాగే ఉంటుంది. అడగాలంటే ఆ అహింసా పట్టుచీర వెల ఎంతో కనుక్కుని రమ్మని అడగండి.